జంపఖానా తెరచాప

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం చివర్లో, హన్మకొండ చౌరస్తాలో ఒక మనిషి ఒంటరివాడా కాదా అని తెలుసుకోవడానికి అతని మొహం చూడనక్కర్లేదు, ముందున్న చాయ్ కప్పు చూస్తే చాలు. ఇద్దరు కూర్చుంటే వన్ బై టూ చెప్పుకునేవాళ్ళు. ముగ్గురుంటే టూ బై త్రీ. నలుగురుంటే గొడవ. నిండు కప్పు ఒక్కడే ముందు పెట్టుకుని కూర్చున్నాడంటే వాడు షావుకారైనా అయి ఉండాలి, నేనైనా అయి ఉండాలి. హోటల్లో కాలు పెట్టగానే సర్వర్ లోపలి నుంచే "ఎందరు?" అని కేకేసేవాడు. నేను ఒక వేలు చూపించేవాణ్ణి. "ఒక్కనివేనా?" అనేవాడు, అక్కడికి నేనేదో మిగతావాళ్ళను దారిలో పారేసుకుని వచ్చినట్టు. రోజూ అదే హోటల్, అదే సర్వర్, అదే వేలు. అయినా అతను రోజూ అడిగేవాడు. ఈ ఊళ్ళో నా గురించి పట్టించుకుని ప్రశ్న అడిగే మనిషి అతనొక్కడే కాబట్టి నేను హోటల్ మార్చలేదు.

మాది తొర్రూరు పక్కన పల్లె. ఇంట్లో అన్న, వదిన, వాళ్ళ పిల్లలు, పత్తి చేను. నేను వెళ్తే సంతోషించేవారు, వచ్చేస్తే ఇంకొంచెం జాగా దొరికిందని సర్దుకునేవారు. హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. కిరాణం పెద్దమ్మ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ముందు గదిలో ఆమె దుకాణం, వెనక నా గది, మధ్యలో పెద్ద వాకిలి. ఆమె వాకిలినిండా ఎండాకాలం మిరపకాయలు, వానాకాలం ఉతికిన బస్తాలు ఆరేసేది. నేను ఆరబెట్టుకునేందుకు ఒక బనియను, ఒక లుంగీ మాత్రమే ఉండేవి కాబట్టి మా మధ్య సరిహద్దు తగాదాలు లేవు.

ఆ గదిలో కుర్చీ లేదు. ఆదివారం పూట మంచం మీద కూర్చుంటే కాసేపటికి పడుకోవాల్సి వస్తుంది, పడుకుంటే మనసు ఎటెటో పోతుంది. చేతులున్న కుర్చీ ఒకటి ఉంటే నిటారుగా కూర్చుని ఒంటరిగా ఉండొచ్చు కదా అని నా ఆలోచన. అదే సమయానికి మా ఆఫీసువాళ్ళు పనికిరాని సామాను వేలం వేశారు. అందులో ఒక చేతుల కుర్చీ ఉంది. అయితే కుర్చీని విడిగా అమ్మరట, "కుర్చీ ఒకటి, విరిగిన బీరువా తలుపు ఒకటి, పెద్ద చెక్క తొట్టి ఒకటి" కలిపి ఒకే పాట. నేను తప్ప పాడేవాడు లేక నాకే దక్కింది. కుర్చీ రిక్షాలో ఎక్కిస్తుండగానే విరిగింది. బీరువా తలుపు దారిలో పడిపోయింది. తొట్టి మాత్రం ఎడ్లబండి మీద, చెక్కు చెదరకుండా, పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి దిగింది. అంతకుముందు అది పాలంపేట చెరువు దగ్గర ఒక పాత సర్కారు బంగళాలో బోర్లించి ఉండేదట, కాపలావాడు దాని కింద కోళ్ళను కమ్మేవాడట. వాసన ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే చెప్పింది.

పెద్దమ్మ తూకం వదిలేసి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"గిదేంది బిడ్డా. కుర్చీ తెస్తనని పోయి తొట్టి తెచ్చినవ్?"

"కుర్చీతో పాటు వచ్చింది పెద్దమ్మా."

"మరి కుర్చేది?"

"అది రాలేదు."

ఆమె తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "గింత పెద్ద దాంట్ల నాలుగు బర్లు ఒక్కపాలి తాగుతయి. నీకు బర్లు యాడియి?"

ఆ ఆదివారమంతా కోళ్ళ రెట్ట గీకాను. (చదువుకుని గుమాస్తా ఉద్యోగం చేస్తున్నవాడు ఆదివారం చేసే పని ఇదా అని మీరు అనుకోవచ్చు. నాకూ అనిపించింది. కానీ అంతకుముందు ఆదివారాలు చేసిన పని ఇంతకంటే గొప్పదేమీ కాదు.) గీకుతూ పోతుంటే అడుగు భాగాన తెల్ల రంగు, పై భాగాన నీలి రంగు, వాటి కింద తేనె రంగు టేకు చెక్క బయటపడ్డాయి. ముక్కు సన్నగా, నడుము వెడల్పుగా, వెనక నున్నగా కోసినట్టు ఉంది. మధ్యలో ఒక గుండ్రటి తొర్ర, దానికి కాస్త వెనక ఒక పొడుగాటి చీలిక. అంచుల వెంబడి తాళ్ళు కట్టే ఇత్తడి కొక్కేలు. అది తొట్టి కాదు. ఎవరో దొర, ఏనాడో, పాలంపేట చెరువులో షికారు చేయడానికి పెట్టుకున్న తెరచాప పడవ. సముద్రం ఎప్పుడూ చూడని జిల్లాలో, ఈత రాని గుమాస్తా ఇంట్లో, తెరచాప పడవ.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టింది. జిల్లా గ్రంథాలయంలో పడవల గురించి ఒకే ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. మధ్యలో చెదలు తిన్న పేజీలు పోను మిగిలింది సగం. బయల్దేరడం ఎలాగో ఉంది, ఆపడం ఎలాగో లేదు. నేను ఎప్పటికీ మరిచిపోనిది అందులో ఒక ముక్క. ఇలాంటి చిన్న పడవకు ఇద్దరు కావాలట. ఒకడు తెరచాప తాడు పట్టుకుంటాడు. రెండోవాడు గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుంటాడు. వాడికి వేరే పనేమీ లేదు. పడవ ఒరిగిపోకుండా అక్కడ ఉండటమే వాడి పని. ఉండటమే పనిగా ఉండే మనిషి. నా జీవితంలో ఖాళీగా ఉన్న ఉద్యోగం అదొక్కటే.

బాగుచేయడానికి వడ్ల తాతను పిలిచాను. మా వీధి చివర బండి చక్రాలు, దర్వాజాలు చేసే ముసలాయన. పడవను ఆయనా అదే మొదటిసారి చూడటం. కానీ చూడనట్టు ఒప్పుకునే రకం కాదు. ముక్కు దగ్గర కొట్టి చూశాడు, తోక దగ్గర కొట్టి చూశాడు.

"గీ నడుమ తొర్ర ఎందుకు సారు?"

"స్తంభం నిలబెట్టడానికి తాతా. దానికి తెరచాప కడతారు."

"ఇంటికి స్తంభాలు మూలలకుంటయి. నడుమ పెడితె కాళ్ళకు తట్టదా?" అని, తర్వాత ఆ పొడుగాటి చీలిక వైపు చూసి నోరు తెరిచాడు. "నీళ్ళల పోయేదానికి అడుగున గింత తొర్ర పెడ్తరా ఎవరన్న? చేసినోడు పిస్సోడయినా ఉండాలె, తాగయినా ఉండాలె."

ఆ చీలికలోంచి నీళ్ళలోకి ఒక పలక దింపుతారనీ, పడవ ఒరగకుండా ఆపేది అదేననీ నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. ఆ సంగతి ఉన్న పేజీని చెదలు తినేశాయి. అందుకని ఆయన సంబరంగా ఆ చీలికకు మద్దిచెక్క పట్టీ కొట్టి మూసేస్తుంటే నేను సుత్తి అందించాను. ఇద్దరం కలిసి దొరగారి తెలివితక్కువతనం మీద నవ్వుకున్నాం కూడా.

పలకల సందులు మూయడానికి దూది కూరి పైన తారు పూయాలని పుస్తకంలో ఉంది. దూదికి కరువు లేదు, మా అన్న పత్తి మూట పంపించాడు. (ఎందుకని అడగలేదు. పరుపు కుట్టించుకుంటున్నాడు, పెళ్ళి ఆలోచన వచ్చిందేమో అని వదినతో అన్నాడట.) ప్రతి ఆదివారం పొద్దున కూర్చుని ఉలితో సందుల్లోకి దూది కూరేవాణ్ణి. పెద్దమ్మ దుకాణానికి వచ్చినవాళ్ళు పప్పు కట్టించుకుంటూ లోపలికి తొంగి చూసేవారు. "పడవ సారూ, ఎక్కడిదాక వచ్చింది?" "ముక్కుదాకా వచ్చింది." "మంచిగున్నది." అంతే, వెళ్ళిపోయేవారు. ఊరంతా పడవ క్షేమం కనుక్కునేది. నన్ను కూడా దానిలో ఒక చెక్కలాగా కలిపి అడిగేవారు. బాధేమీ లేదు, అంతకుముందు అది కూడా లేదు కదా.

ఎండాకాలం రాగానే చిక్కొచ్చింది. మిరపకాయలు ఆరబోయడానికి వాకిట్లో జాగా లేదు.

"నీ పడవ నా మిరపకాయల జాగల కూసున్నది బిడ్డా."

"ఏం చేద్దాం పెద్దమ్మా?"

"నా మిరపకాయలు నీ పడవల కూసుంటయి. గంతే."

అలా రెండు నెలలు నా పడవ నిండా ఎర్రటి మిరపకాయలే. అవి పోయాక ఎంత కడిగినా ఆ ఘాటు చెక్కల సందుల్లో ఉండిపోయింది. నేను తుమ్ముతూ రంగులు వేశాను. కింద తెలుపు, పైన నీలం, దొర ఎలా వేశాడో అలాగే. అంతా అయ్యాక అది వాకిట్లో నిలబడి ఉంటే, ఎవరైనా రాజుగారు తప్పిపోయి మా ఇంటి వెనక ఆగినట్టు ఉండేది.

ఇక రెండోవాడు కావాలి. ఆఫీసులో అడిగాను. మొదటాయన ఈత రాదన్నాడు. నాకూ రాదన్నాను, దాంతో ఆయన భయం రెట్టింపయింది. రెండో ఆయనకు ప్రతి ఆదివారం అత్తగారిల్లు. చివరికి మా హెడ్ గుమాస్తాను అడిగాను.

"నేనేం చెయ్యాలె అందుల?"

"ఏమీ చెయ్యనక్కర్లేదండీ. ఒక పక్కన ఊరికే కూర్చోవాలి."

ఆయన ఫైలు మూసి విచారంగా నా వైపు చూశాడు. "ఆరు రోజులు గదే చేస్తాన గదయ్యా ఈడ. ఆదివారం గూడ గదేనా?"

పడవ తయారై, మనిషి దొరకక, తెరచాప ఒకటి మిగిలింది. కాన్వాసు గుడ్డ అంటే హైదరాబాదు వెళ్ళాలి. ఊళ్ళో నేతగాళ్ళ కొత్తవాడ ఉండగా గుడ్డ కోసం ఇంకో ఊరు వెళ్ళడమేమిటని పెద్దమ్మ కోప్పడి, తనకు తెలిసిన నేతగాడి దగ్గరకు పంపింది. నేను ఆయన్ని కొత్తవాడ కాక అని పిలిచేవాణ్ణి. జంపఖానాలు నేసే మగ్గం ఆయనది. పెళ్ళిళ్ళలో వందమంది కూర్చునే జంపఖానాలు నేసిన చేయి. గాలి దూరని గుడ్డ కావాలన్నాను.

"గాలి కాదు, గాలికి తాత గూడ దూరడు" అన్నాడాయన.

"మూడు మూలలు ఉండాలి కాకా."

మగ్గం ఆగింది. "మూడు మూలల జంపకాన మీద ఎవరు కూసుంటరు?"

"కూర్చోవడానికి కాదు. గాలికి కట్టడానికి. నువ్వు నాలుగు మూలలే నెయ్యి, నేను అడ్డంగా కోయించుకుంటాను."

నేనేదో ఆయన బిడ్డను కోస్తానన్నట్టు చూశాడు. కోస్తే పోగులన్నీ ఊడి వస్తాయట. అదీ కాక తన చేతిమీద నేసినదానికి కత్తెర పడితే తన చేతికి పడినట్టేనట. మంచినీళ్ళు ఇప్పించాడు, బీడీ వెలిగించాడు, మూడో మూల దగ్గర మాత్రం మెత్తబడలేదు. చివరికి నాలుగు మూలలకే ఒప్పందం కుదిరింది. పసుపు, ఎరుపు, నీలం చారలు, రెండు చివర్లా కుచ్చులు. రెండు వారాలకు మడత పెట్టి నా భుజం మీద వేస్తే నేను కూలబడ్డాను. అంత బరువు. తెరచాపలో తెర ఎక్కడ పోయిందో కానీ చాప మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

పక్కనే భద్రకాళి చెరువు ఉండగా పాలంపేట దాకా ఎందుకని మీరడగాలి. నలుగురి కళ్ళముందు మునగడం ఇష్టం లేక. పైగా పడవ పుట్టిల్లు అది, అక్కడైతే దానికి దారి తెలిసి ఉంటుందని ఒక పిచ్చి నమ్మకం. లారీ కోసం వెతుకుతుంటే, మేడారం జాతర వచ్చిందనీ, తన తమ్ముడి ట్రాక్టర్ అటే వెళ్తుందనీ, చెరువు దగ్గర దింపిపోతారనీ పెద్దమ్మ చెప్పింది. ఆమె తమ్ముడు ట్రాక్టర్ మామ తెల్లవారకముందే వచ్చాడు. పడవను ట్రాలీలో పెట్టాం, ముక్కు ముందుకు, తోక వెనక్కి బయటికి. పెద్దమ్మ దాని కింద నిమ్మకాయలు పెట్టి, ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత ట్రాలీలో జాతర సామాను ఎక్కించడానికి చూస్తే పడవ పోను జాగా లేదు. దాంతో సామానంతా పడవలోకి ఎక్కింది. తల్లులకు మొక్కిన బెల్లం దిమ్మలు, కోళ్ళు, ఒక మేక, వంట గిన్నెలు. ఆ పైన పెద్దమ్మ, ఆమె మరదలు, వాళ్ళ చుట్టాలు అందరూ. ఎండకు నా వెదురు స్తంభాన్ని అడ్డంగా కట్టి దాని మీద జంపఖానా పందిరి వేశారు. (మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు. ఆ లెక్కన నా పడవ మొదటి ప్రయాణమే బంగారం నింపుకుని చేసింది. ఏ దొర పడవకూ ఆ యోగం పట్టి ఉండదు.)

అందరూ ఎక్కాక నాకు జాగా లేదు. నేను ట్రాక్టర్ చక్రం పక్కన రేకు మీద కూర్చుని నా పడవను వెనక్కి తిరిగి చూసుకుంటూ ములుగు రోడ్డు ఎక్కాను. కాస్త దూరం పోయాక పెద్దమ్మ కేకేసింది.

"జర జరుగుండ్రి. పడవ సారుకు జాగియ్యుండ్రి. ఆయన పడవల ఆయన లేకపోతెట్ల?"

మామ ట్రాక్టర్ ఆపాడు. నేను మేకకూ బెల్లానికీ మధ్య ఇరుక్కున్నాను. ఒక భుజానికి పెద్దమ్మ మరదలి తమ్ముడి భుజం, ఇంకో భుజానికి మేక. ఎన్నో నెలల తర్వాత నా పక్కన మనిషి భుజం తగిలింది. వాళ్ళు పులిహోర పెట్టారు, వద్దన్నా పెట్టారు. పక్కనుంచి పోతున్న బస్సులోంచి కండక్టరు తల బయట పెట్టాడు.

"గా ఓడ యాడికి పోతాంది?"

"మేడారం" అంది పెద్దమ్మ.

"నడుమ సముద్రమున్నదా?"

"నీ బస్సుల కన్న జాగ ఎక్కువున్నది. ఎక్కుతవా?"

ఒక మలుపు దగ్గర ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. పడవలో ఉన్నవాళ్ళంతా, మాట మానకుండానే, చేతిలో పులిహోర జారకుండానే, అందరూ కలిసి రెండో పక్కకు ఒరిగారు. ట్రాలీ తిన్నగా అయింది. పుస్తకంలో చెప్పిన ఆ ఉద్యోగం అదే. అంతమంది ఒకేసారి చేస్తున్నారు. కానీ అప్పుడు నాకది తట్టలేదు. నేను జంపఖానా కుచ్చులు చూస్తూ చెరువు ఎప్పుడొస్తుందా అని లెక్కలు వేసుకుంటున్నాను.

మధ్యాహ్నానికి చెరువు వచ్చింది. అందరూ కలిసి పడవను దించి ఒడ్డున నీళ్ళలో పెట్టారు. తేలింది. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. మామ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"జాతరకు రావా సారు?"

"పడవ నడపాలి మామా."

"చెరువు యాడికి పోతది? మొక్కు తీర్చుకొని వచ్చినంక నడుపు."

"లేదు, మీరు వెళ్ళండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో ఎవరైనా రమ్మంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి కొంచెం నసగాలి. మూడోసారికి లేవాలి. నేను మొదటి మెట్టు మీద నిలబడి రెండో పిలుపు కోసం చూస్తున్నాను. ట్రాక్టర్ మామ సూటి మనిషి. వద్దన్నాడంటే వద్దనే అనుకున్నాడు. "సరే మరి, ఫికర్ చెయ్యకు, మళ్ళొచ్చేటప్పుడు ఆగుతం" అని ఎక్కేశాడు. ఇంజను శబ్దం చెట్ల వెనక్కి పోయేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

తర్వాత ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా తుమ్ము చెరువు అవతలి గట్టుదాకా పోయి తిరిగొచ్చింది. ఏడాది పొడుగునా నేను కోరుకున్నది ఇదే. నా పడవ, నా చెరువు, చూసేవాడు లేడు. స్తంభం నిలబెట్టి, పళ్ళు బిగించి, జంపఖానాను పైకి లాగాను. అది సగం దాకా లేచి ఆలోచించి, మిగతా సగం కూడా లేచింది. గాలి వచ్చింది. కొత్తవాడ కాక చెప్పినట్టే, గాలికి తాత కూడా దూరలేదు. పడవ కదిలింది. నీళ్ళు కోసుకుంటూ, పసుపు ఎరుపు చారలు నిండు గర్భిణిలా పొంగి, పడవ నిజంగానే పోతోంది. "చూశావా" అన్నాను గట్టిగా. పక్కకు తిరిగాను. రెండో అంచు ఖాళీగా ఉంది.

సరిగ్గా ఆ అంచే పైకి లేచింది. కింద పలక లేదు, పైన మనిషి లేడు, మధ్యలో వందమంది కూర్చునే జంపఖానా నిండా గాలి. నేనొక్కణ్ణే ఒక పక్కన. పడవ నెమ్మదిగా, మర్యాదగా, నన్ను నీళ్ళలోకి వంపేసింది. మిరపకాయల ఘాటంతా నీళ్ళలో కలిసి కళ్ళలోకి వచ్చింది. అయిపోయింది, పాలంపేట చెరువులో నా కథ ముగిసింది అనుకుని చేతులు కాళ్ళు కొట్టుకుని, దేవుళ్ళనందరినీ పిలిచి, ఓపిక లేక కాళ్ళు కింద పెడితే, నేల తగిలింది. నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. గాలి నన్ను తిప్పి మళ్ళీ ఒడ్డుకే తెచ్చిందన్నమాట.

గట్టు మీద ఒక రైతు నిలబడి మొదటినుంచీ చూస్తున్నాడు. (చూసేవాడు లేడనుకున్నాను కదా.) నేను లేచి నిలబడ్డాక అడిగాడు.

"ఒక్కనివేనా?"

హోటల్లో సర్వర్ రోజూ అడిగినప్పుడు వేలు చూపించేవాణ్ణి. ఆ రోజు వేలు లేవలేదు. "కాదు" అన్నాను. "మావాళ్ళు జాతరకు పోయిండ్రు."

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వచ్చాక ఇక వాళ్ళ దగ్గరికి పోకుండా ఉండలేకపోయాను. పడవను ఒడ్డు బురదలో వదిలేసి, స్తంభం, జంపఖానా విప్పుకున్నాను. ఆ రైతే ఒక చివర పట్టుకుని రోడ్డుదాకా మోశాడు. జాతరకు పోతున్న ఒక ఎడ్లబండివాళ్ళు మమ్మల్ని, అంటే నన్నూ తడి జంపఖానానూ ఎక్కించుకున్నారు. మర్నాడు పొద్దున మేడారంలో దిగాను.

దిగాక తెలిసింది నా తెలివి. కనుచూపు మేర మనుషులు, బండ్లు, పొగ, దుమ్ము. అందులో పెద్దమ్మ ఎక్కడని వెతకను? జంపన్న వాగులో జంపఖానా బురద కడిగి గట్టున కూలబడ్డాను. అప్పుడు తలెత్తి చూశాను. ప్రతి మకాం దగ్గరా ఒక వెదురు, దాని చివర ఒక గుర్తు. ఒకచోట ఎర్ర చీర, ఒకచోట పగిలిన బిందె, ఒకచోట గొడుగు, ఒకచోట చీపురు. తప్పిపోయిన మనవాళ్ళు దూరం నుంచి చూసి వెతుక్కుంటూ రావడానికి. నా దగ్గరా వెదురుంది. గుర్తు కూడా ఉంది.

తడిశాక అది ఒక్కడివల్ల లేచే బరువు కాదు. "జర పట్టు అన్నా" అని పక్కవాణ్ణి అడిగాను. ఆయన పట్టాడు, ఆయన బావమరిది పట్టాడు, వాళ్ళ మేక కూడా దగ్గరకొచ్చి నిలబడింది. జంపఖానా లేచింది. మేడారం గాలికి పొంగింది. ఈసారి పడటానికి చెరువు లేదు. దాని నీడలోకి ముందు ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. తర్వాత ఎవరో పిల్లల్ని వేసుకుని వచ్చారు. నేను వెదురు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి తిమ్మిరెక్కేదాకా నిలబడ్డాను.

"నేను చెప్తనే ఉన్న, గిది మన మిర్చి వాసన జంపకాననే" అంటూ పెద్దమ్మ మంది మధ్యలోంచి తోసుకుని వచ్చింది. వెనక మామ.

"పడవేది?"

"మునిగింది పెద్దమ్మా."

"మరి నువ్వు?"

"నేను మునగలేదు. నీళ్ళు నడుందాకే ఉన్నాయి."

"నడుందాక నీళ్ళల పడవెట్ల మునిగింది బిడ్డా?"

మామ తల గోక్కున్నాడు. "రమ్మంటె వద్దంటివి గద సారు." "ఇంకోసారి అనాల్సింది మామా" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పెద్దమ్మకు అయింది.

అన్నాలకు కూర్చున్నప్పుడు పెద్దమ్మ మరదలు విస్తరాకులు పట్టుకుని, "ఎందరం?" అని అడిగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ లేవబోయింది. ఈలోగా పెద్దమ్మ అంది: "నిన్న ఎందరమో గందరమే. ఈయన నిన్న గూడ ఉండె గద."

నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. కళ్ళు మండాయి. మిరపకాయల వల్లే అని చెప్పాను, నమ్మారు.

తిరుగు ప్రయాణంలో చెరువు దగ్గర ఆగాం. ఆ రైతు పడవను ఒడ్డుకు లాగి, నిలబెట్టి, నీళ్ళు నింపి పెట్టాడు. రెండు బర్రెలు తాగుతున్నాయి. తొట్టిగా కొన్నది తొట్టిగానే స్థిరపడింది. బర్రెలు చెరో పక్కన ఉన్నాయి కాబట్టి ఒరగడం లేదు కూడా.

ఆ తర్వాత చాలా జాతరలకు వాళ్ళతోనే వెళ్ళాను, గుర్తు జెండాగా జంపఖానాతో సహా. జాతర రెండేళ్ళకు ఒకసారి వస్తుంది. రెండేళ్ళకు ఒకసారి నేను ఒంటరివాణ్ణి కాను. మిగతా రోజుల్లో హోటల్లో సర్వర్ అడిగేవాడు, నేను వేలు చూపించేవాణ్ణి. కానీ ఆ వేలు ఇంతకు ముందంత పొడుగ్గా అనిపించేది కాదు. కాలం గడిచి పెద్దమ్మ పోయింది, మామ ట్రాక్టర్ అమ్మేశాడు. ఇప్పుడు జనం పొద్దున కార్లలో పోయి సాయంత్రానికి వచ్చేస్తున్నారు, తప్పిపోయేంత సేపు అక్కడ ఉండటం లేదు. ఉన్నా చేతిలో ఫోన్లు. వెదురు మీద జంపఖానా ఎవరికి కావాలి.

ఇప్పుడు నా ఇల్లు, నా డాబా, నా జంపఖానా. ఒక్క పోగు ఊడలేదు. కాక మాట నిలబెట్టాడు. సాయంత్రాలు డాబా మీద పరుచుకుని కూర్చుంటాను. గాలి వస్తే ఎదుటి మూల లేస్తుంది, ఆ మూల బరువుగా ఎవరైనా ఉండాలి కదా. మొన్న పై గదిలో అద్దెకుండే కుర్రాడు మెట్లెక్కి వచ్చి, "ఒక్కరే ఉన్నారా అంకుల్?" అన్నాడు. "ఆ మూల మీద జర కూర్చో నాయనా" అన్నాను. "వద్దులెండి, పనుంది" అన్నాడు. రెండోసారి పిలిచాను. నసిగాడు. మూడోసారి పిలుద్దామని నోరు తెరిచేలోగా అతని ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ దిగిపోయాడు.

మంచినీళ్ళ చెంబు జరిపి ఆ మూల మీద పెట్టాను. గాలి వచ్చింది, జంపఖానా కాస్త పొంగింది, చెంబు కదల్లేదు. పుస్తకంలో చెప్పిన పని అది చక్కగా చేస్తోంది. రేపు మాత్రం మూడోసారి కాస్త తొందరగా పిలవాలి.